లైసెన్సు రద్దయితే మాట కూడా రద్దవుతుందా?

వ్యాపారానికి అల్లాహ్ అనుమతి ఉండగా మళ్లీ మనిషి అనుమతి ఎందుకు? నార్కట్‌పల్లి ప్రాంతంలో పాత బండ్లు కొని అమ్మే ఒక సోదరుడు మమ్మల్ని ఈ ప్రశ్న అడిగారు. ఆయన వాదన కోసం అడగలేదు, మనసులో ఉన్న ఇబ్బంది చెప్పుకున్నారు. తండ్రి కాలం నుండి ఏ కాగితమూ లేకుండానే ఈ వ్యాపారం సాగింది, ఎవరినీ మోసం చేయలేదు. ఇప్పుడు ధ్రువపత్రం లేనిదే అమ్మకూడదంటున్నారు. తీసుకున్న తరువాత ఏదో తప్పు చూపి రద్దు చేస్తే బావమరిది పేరు మీద నడుపుకోవచ్చా? అప్పటికే జనం దగ్గర తీసుకున్న బయానాల సంగతేమిటి? రద్దు చేసింది తాను కాదు కదా!

ఇది ఆయన ఒక్కరి సమస్య కాదు. హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి నుండి అద్దంకి వైపు రోడ్డు చీలేది నార్కట్‌పల్లిలోనే. ఒకప్పుడు దానిని తొమ్మిదో నంబరు రోడ్డు అనేవారు, ఇప్పుడు అరవై అయిదు. బస్సు డిపో, వైద్య కళాశాల, చుట్టూ పల్లెలు. అలాంటి కూడలిలో బండి లేనిదే పని జరగదు. కొత్త బండి కొనే స్తోమత లేని కూలీ, మేస్త్రీ, చిన్న రైతు పాత బండి కోసమే వస్తారు. ఈ వ్యాపారంలోనూ, మరమ్మతు పనిలోనూ మన ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. కనుక ఈ ప్రశ్నను కాస్త నిదానంగా చూద్దాం.

అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి వడ్డీని నిషేధించాడన్నది సందేహం లేని విషయం (బఖర: 275). అయితే బజారు ఎవరికి తోచినట్లు వారు నడుపుకునే స్థలంగా ఇస్లామీయ సమాజంలో ఏనాడూ లేదు. దైవప్రవక్త (స) స్వయంగా బజారులో తిరిగి ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. అడుగున తడి తగిలితే వర్తకుణ్ణి నిలదీశారు, మోసగించేవాడు తమవాడు కాడన్నారు. ఈ సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. ధర్మజ్ఞానం ఉన్నవారే బజారులో అమ్మకాలు జరపాలని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉంది. నేటి మాటలో చెప్పాలంటే అది ఒక అర్హత నిబంధనే. తరువాతి కాలాల్లో తూనికలు, కొలతలు, సరుకు నాణ్యత చూడటానికి ప్రతి పెద్ద పట్టణంలో మొహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. ఆ అధికారి తప్పుడు తూకం తూచేవాణ్ణి బజారు నుండి వెళ్లగొట్టగలిగేవాడు. అందుచేత అనుమతి పత్రం అనే ఆలోచన మన ధర్మానికి పరాయిది కాదు.

మనం నివసిస్తున్న దేశపు చట్టం ముస్లిం పాలకునిది కాదు కదా, అది మన అంతరాత్మను ఎలా బంధిస్తుందని కొందరు అంటారు. మనం ఈ దేశంలో పౌరులుగా, ఒక ఒప్పందం కింద జీవిస్తున్నాం. ఇక్కడి రోడ్లు, కోర్టులు, భద్రత వాడుకుంటున్నాం. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ (మాయిదా: 1), వాటి గురించి ప్రశ్నించబడటం ఖాయమన్న హెచ్చరిక (బనీ ఇస్రాయీల్: 34) అవతలివాడు ముస్లిమైతేనే వర్తిస్తాయని ఎక్కడా లేదు. పాపం చేయమని ఆజ్ఞాపించని, ప్రజల మేలు కోసం పెట్టిన నిబంధనను పాటించడం తప్పనిసరి అని ధర్మవేత్తలు చెబుతూ వచ్చారు.

అలా అని కాగితం లేకుండా అమ్మిన ప్రతి బండి సొమ్మూ మద్యం సొమ్ములా హరామ్ అనడం కూడా సరికాదు. ఈ విషయంలో కొందరు బోధకులు తొందరపడుతున్నారని మా అభిప్రాయం. జుమా అజాన్ తరువాత క్రయవిక్రయాలు వదిలేయమని దివ్యఖుర్ఆన్ ఆదేశించింది (జుమా: 9). అయినా ఆ సమయంలో ఎవరైనా అమ్మితే ఆ అమ్మకం చెల్లుతుంది, అమ్మినవాడు మాత్రం పాపాత్ముడవుతాడని హనఫీ ధర్మవేత్తల నిర్ణయం. ఇదీ దాదాపు అలాంటిదే. సరుకు ధర్మబద్ధమైనది, ధర నిజమైనది, లోపం దాచలేదు. అప్పుడు లావాదేవీ లావాదేవీయే. దానితోపాటు జరిగిన ఉల్లంఘన తప్పే. తండ్రి సంపాదించి పెట్టిన ఇంటిని చూసి కొడుకు కుంగిపోనవసరం లేదు. అలాగని ఆ పద్ధతినే కొనసాగించే హక్కూ కొడుక్కి లేదు.

ఇంతకూ ఈ కాగితం దేనిని కాపాడుతుంది? కొత్త బండ్ల డీలరుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం ట్రేడ్ సర్టిఫికెట్ ఉండాలి. రిజిస్టరు కాని బండిని పరీక్షకో, మరమ్మతుకో, రిజిస్ట్రేషన్ ఆఫీసుకో తీసుకుపోవడానికి ఇచ్చే పరిమిత అనుమతి అది. ఆ నంబరు పలక మరొకరికి ఇవ్వకూడదు. తాత్కాలికమో శాశ్వతమో రిజిస్ట్రేషన్ కాకుండా బండిని కొనుగోలుదారు చేతికి అప్పగించకూడదు. వీటిని మీరితే రిజిస్ట్రేషన్ అధికారి సర్టిఫికెట్‌ను నిలిపివేయవచ్చు లేక రద్దు చేయవచ్చు. పూర్వం ఏడాదికోసారి తీసుకోవలసిన ఈ పత్రం 2022 సవరణ తరువాత అయిదేళ్లకు వస్తోంది.

పాత బండ్ల వ్యాపారానికి మాత్రం చాలాకాలం ఇలాంటిదేమీ లేదు. 2022 డిసెంబరులో కేంద్రం కొత్త నియమాలు తెచ్చి 2023 ఏప్రిల్ 1 నుండి అమలుచేసింది. పాత బండ్లు కొని అమ్మే డీలరు అధికార ధ్రువపత్రం తీసుకోవాలి, యజమాని తన బండిని డీలరుకు అప్పగించినట్లు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అక్కడి నుండి అది అమ్ముడై కొత్తవాని పేరున మారే వరకు డీలరునే యజమానిగా పరిగణిస్తారు. నార్కట్‌పల్లి సోదరుణ్ణి ఇబ్బంది పెట్టిన కాగితం ఇదే.

ఎవరికీ హాని లేదు కదా అన్న మాటను ఇక్కడ ఆగి పరీక్షించాలి. పాత బండి అమ్మేటప్పుడు మన దగ్గర జరిగేది అందరికీ తెలిసిందే. యజమాని పేరు మార్పు ఫారాల మీద సంతకాలు పెట్టి, ఖాళీలు నింపకుండా దళారీ చేతికి ఇస్తాడు. బండి ఆ చేతి నుండి ఈ చేతికి పోతుంది, ఆర్సీలో పేరు మాత్రం మొదటివానిదే. పేరు మారిస్తే ఖర్చు, తిరిగి అమ్మేటప్పుడు మళ్లీ ఖర్చు, అందుకే ఎవరూ మార్చరు. ఉత్తర భారతంలో ఒకాయన ఇలాగే 2007లో తన కారు అమ్మేశాడు. అది ఒకరి నుండి ఒకరికి మారింది. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒకరు మరణించారు, ఒకరు గాయపడ్డారు. పరిహారం ఎవరివ్వాలి? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిజిస్టరులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని, పరిహారం బాధ్యత అతనిదేనని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. బండి చేతులు మారిన గొలుసును పట్టుకుని బాధితులు ఒక్కొక్కరి వెంట తిరగాల్సిన పని లేదన్నది కోర్టు ఉద్దేశం.

ఆ మొదటి యజమాని రెండేళ్ల కిందట డబ్బు తీసుకుని సుఖంగా ఉన్నవాడు. ప్రమాదం చేసిన డ్రైవరును చూసి కూడా ఉండడు. నింపని ఒక ఫారం అతని మెడకు చుట్టుకుంది. బండి పోయిన దారంతా పేరు మార్చకుండా చేతులు దులుపుకున్నవాళ్లే. వారిలో ప్రతి ఒక్కరూ తాను ఎవరికీ హాని చేయలేదనే అనుకుని ఉంటారు. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాలు బయటపెడితే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) బోధించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలో ఉంది. ఇంజనులోని లోపమే లోపమా? పేరు మారకపోవడం కూడా బండికి ఉన్న లోపమే. అది చెప్పని డీలరు తడి ధాన్యాన్ని పొడి ధాన్యం కింద కప్పినవాడే.

ఇక బావమరిది పేరు. కుటుంబంలో ఒకరు నిజంగా పెట్టుబడి పెట్టి, తన బాధ్యతపై, తన పేరున పత్రం తీసుకుని వ్యాపారం చేస్తే అందులో తప్పు లేదు. కాని కుర్చీలో కూర్చునేది పాతవాడే, లాభం పాతవానిదే, పేరు మాత్రం ఇంకొకరిది అయితే అది కాగితం మీద రాసిన అబద్ధం. పైగా రేపు ఏదైనా జరిగితే కోర్టు మెట్లెక్కేది ఆ బావమరిది. విశ్రాంతి దినాన చేపలు పట్టవద్దన్నప్పుడు ఇస్రాయీల్ సంతతిలో ఒక వర్గం ఏం చేసిందో ఆరాఫ్ సూరాలో (163) చదువుతాం. వారు ముందురోజే వలలు పన్ని మరునాడు చేపలు తీసుకున్నారని వ్యాఖ్యాతలు వివరించారు. మాటకు మాట చూస్తే వారు ఆ రోజు వేటాడలేదు. అయినా వారి మీద శిక్ష వచ్చింది. ఇతరుల పేరున నడిచే దుకాణం, మిత్రునికి అరువిచ్చిన ట్రేడ్ నంబరు పలక ఆ కోవలోవే.

ఈ తెలివి చిన్నవారికే పరిమితం కాదు. కాలుష్య ప్రమాణాల దృష్ట్యా బి.ఎస్.-3 వాహనాల అమ్మకాన్ని, రిజిస్ట్రేషన్‌ను 2017 ఏప్రిల్ 1 నుండి సుప్రీంకోర్టు నిలిపివేసింది. అలాంటి లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బి.ఎస్.-4గా రిజిస్టరు చేయించి అనంతపురం తెచ్చారన్న ఆరోపణలపై 2020లో కేసులు, అరెస్టులు జరిగాయి. నిజానిజాలు తేల్చడం కోర్టుల పని. అదే 2020లో బి.ఎస్.-4 బండ్లకు గడువు ముగిసే వేళ లాక్‌డౌన్ వచ్చింది. డీలర్ల నష్టం చూసి, మిగిలిపోయిన బండ్లలో పది శాతం అమ్ముకోవడానికి లాక్‌డౌన్ ముగిశాక పది రోజుల వెసులుబాటును సుప్రీంకోర్టు ఇచ్చింది. అనుమతించింది దాదాపు 1 లక్షా 5 వేల బండ్లకు. అమ్మింది 2 లక్షల 55 వేలని తేలింది. జూలై 8న కోర్టు ఆ వెసులుబాటును వెనక్కి తీసుకుంది. దయతో ఇచ్చినదాన్ని హద్దు దాటించినప్పుడు నలిగిపోయింది ఎవరు? డబ్బు కట్టి, రిజిస్ట్రేషన్ ఏమవుతుందో తెలియక బండిని ఇంటి ముందు నిలబెట్టుకున్న కొనుగోలుదారులు. 2025లో ట్రేడ్ సర్టిఫికెట్లు లేకుండా నడుస్తున్నాయని ఒక పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ షోరూములను మహారాష్ట్ర రవాణా శాఖ మూయించింది.

ఇంతవరకు డీలరు వైపు తప్పులే చెప్పాం. రద్దు చేసే చేతికీ బాధ్యత ఉంది. యమన్‌కు న్యాయాధికారిగా వెళుతున్న హజ్రత్ అలీ (రజి)కి దైవప్రవక్త (స) ఒక ఉపదేశం చేశారు. వాది ప్రతివాదులు ఇద్దరూ ఎదుట కూర్చున్నప్పుడు రెండోవాని మాట కూడా వినకుండా తీర్పు చెప్పవద్దన్నారు (అబూదావూద్). నియమావళి కూడా ఇదే చెబుతోంది. డీలరుకు తన మాట వినిపించుకునే అవకాశం ఇచ్చాకే సర్టిఫికెట్ రద్దు చేయాలి, రద్దు మీద అప్పీలుకు ముప్ఫై రోజుల గడువుంది. ఒకని జీవనోపాధిని ఒక్క సంతకంతో తీసేయగల అధికారి, సంజాయిషీ తీసుకోకుండా ఆ పని చేస్తే అది దౌర్జన్యమే. బాధితుడు గొంతెత్తి చెప్పుకోవడాన్ని అల్లాహ్ తప్పుపట్టలేదు (నిసా: 148). కనుక అప్పీలు చేయడం, కోర్టుకు వెళ్లడం భక్తికి విరుద్ధం కాదు. నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడాన్ని సబర్ అనుకునేవారున్నారు, అది సబర్ కాదు.

ఒక మాట బాధతో చెప్పాలి. నోటీసు రాగానే, నా పేరు చూసే రద్దు చేశారు అనే మాట మనలో కొందరి నోట వెంటనే వస్తోంది. ఒక్కోసారి అది నిజం కావచ్చు. నిజమైతే ఆధారాలతో పోరాడాలి. కాని అదే నెలలో అదే తప్పుకు పక్క దుకాణం వారికీ నోటీసు వచ్చిందా అని ముందు విచారించాలి. వార్తను నిర్ధారించుకోమన్న ఆదేశం (హుజురాత్: 6) మనకు అనుకూలమైన వార్తకూ వర్తిస్తుంది. ఒక వర్గం మీది ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించకూడదన్న ఆయత్‌ను (మాయిదా: 8) ఇతరులకు వినిపించడానికే దాచిపెట్టుకోకూడదు.

మరి లంచం? ఇచ్చేవాణ్ణి, పుచ్చుకునేవాణ్ణి ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారు. ఇతరుల సొమ్ము కాజేయడానికి అధికారులకు డబ్బు ఎరవేయవద్దని దివ్యఖుర్ఆన్ స్పష్టంగా నిషేధించింది (బఖర: 188). తన న్యాయమైన హక్కు వేరే దారిలో దక్కనప్పుడు, దౌర్జన్యం తప్పించుకోవడానికి గత్యంతరం లేక ఇస్తే పాపం పుచ్చుకున్నవానిదేనని పలువురు ధర్మవేత్తలు అన్న మాట నిజమే. కాని ఆ వెసులుబాటును మేము గట్టిగా చెప్పడానికి జంకుతాం. ఎందుకంటే నోటీసు అందుకున్న ప్రతివాడూ తాను బాధితుణ్ణేనని నమ్ముతాడు. నిజంగా నియమాలన్నీ పాటించామా, అప్పీలు దారి మూసుకుపోయిందా అనేవి ముందు తేల్చుకోవాలి. చాలామందికి మొదటి ప్రశ్న దగ్గరే సమాధానం దొరుకుతుంది.

కోర్టులో స్టే వచ్చింది, గెలిచాను అనేవారు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసును గుర్తుంచుకోవాలి. వాదనలో నేర్పరి అయినవాని మాటలు విని దైవప్రవక్త (స) అతనికి అనుకూలంగా తీర్పు చెప్పినా, అది అతని సోదరుని హక్కు అయితే, అతనికి దక్కింది ఒక నిప్పు ముక్కేనని ఆయన హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). సాక్షాత్తు ప్రవక్త తీర్పే అన్యాయపు సొమ్మును హలాల్ చేయలేనప్పుడు వకీలు తెచ్చిన స్టే చేస్తుందా?

ఇంకో రకం రద్దు ఉంది, దాని గురించి క్లుప్తంగా. తయారీ కంపెనీలే డీలరు ఒప్పందాన్ని తెంచుకునే రద్దు. మన దేశంలో అమ్మకాలు ఆపేస్తున్నామని జనరల్ మోటార్స్ 2017 మేలో, తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ప్రకటించాయి. అప్పుచేసి షోరూములు కట్టుకున్న డీలర్లు ఒక్క ప్రకటనతో రోడ్డున పడ్డారు. అమెరికాలో డీలరును కంపెనీ దురుద్దేశంతో దెబ్బతీస్తే కోర్టుకు వెళ్లే హక్కును 1956లోనే ఒక చట్టం ఇచ్చింది. అయినా 2009లో దివాలా ప్రక్రియలో క్రైస్లర్ కంపెనీ 789 డీలర్‌షిప్పులను వదిలించుకుంది. ఒప్పందంలో రాసుకున్న నిబంధన ప్రకారమే తప్పుకున్నామని బలవంతుడు అనవచ్చు. షుఐబ్ (అలైహిస్సలాం) తన జాతితో తూకం గురించి మాట్లాడుతూ, ప్రజలకు వారి వస్తువులు తగ్గించి ఇవ్వవద్దని కూడా అన్నారు. ఎదుటివాడు మనల్ని నమ్మి పెట్టిన పెట్టుబడి, పడిన శ్రమ కూడా ఆ మాట కిందికే వస్తాయని మేము అనుకుంటున్నాం.

చివరి ప్రశ్న బయానాలది. అసలు బరువైన ప్రశ్న ఇదే. కొనేవాడు మనసు మార్చుకుంటే బయానా ఉంచేసుకోవచ్చా అన్న దాంట్లో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. అధికులు కూడదన్నారు, ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ అనుమతించారు. కాని బండి ఇవ్వలేకపోయింది అమ్మేవాడే అయినప్పుడు డబ్బు తిరిగి ఇవ్వాలనడంలో భేదమేమీ లేదు. లైసెన్సు రద్దు కావడం ప్రభుత్వానికీ డీలరుకూ మధ్య విషయం. కూలి డబ్బులు కూడబెట్టి పదివేలు కట్టిన మనిషి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకోలేదు, డీలరుతో చేసుకున్నాడు.

నాకే అన్యాయం జరిగింది, నేనెక్కడి నుండి తేను అనే మాట వినిపిస్తుంది. మక్కా వాసులు దైవప్రవక్త (స)ను హతమార్చడానికి ఇంటి చుట్టూ కాపుకాచిన రాత్రిని తలచుకుందాం. వారి సొమ్ములే ఆయన దగ్గర అమానతుగా ఉన్నాయి. ఇల్లూ ఊరూ వదిలి వెళ్లవలసి వచ్చింది. అన్యాయం జరగడమే కారణమైతే, ఆ సొమ్ము ఆపుకోవడానికి అంతకు మించిన కారణం ఎవరికి ఉంటుంది? ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి ఎవరి అమానతు వారికి చేర్చిన తరువాతే రమ్మన్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆపింది శత్రువుల సొమ్మును కూడా కాదన్నమాట. ఇక్కడైతే బయానా ఇచ్చిన మనిషి డీలరుకు ఏ అన్యాయమూ చేయలేదు, ఆయనను నమ్మడం తప్ప.

డబ్బు నిజంగా చేతిలో లేకపోతే దాక్కోకుండా వెళ్లి కలవాలి. ఎంత ఉందో అంత ఇచ్చి, మిగతాదానికి తేదీ చెప్పి రాసివ్వాలి. ఆఫీసులో అప్పీలు నడుస్తోంది, అది తేలాక చూద్దాం అనకూడదు. అప్పీలు ఏడాది నడవవచ్చు. ఇక అప్పు ఇచ్చినవారికి కూడా ఒక మాట. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వమని అల్లాహ్ ఆదేశించాడు (బఖర: 280). దుకాణం ముందు నలుగురిలో నిలబెట్టి అవమానించడం అందులోకి రాదు.

అప్పు మిగిలి ఉన్న ఒక వ్యక్తి జనాజాను తెచ్చినప్పుడు దైవప్రవక్త (స) తాను నమాజు చేయించకుండా సహచరులను చేయమన్నారు. ఆ అప్పు తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చాకే నమాజు చేయించారు (బుఖారీ). దుకాణం మూతపడిన రోజున ఎవరి దగ్గర ఎంత బయానా తీసుకున్నదీ, ఎవరి పేరు మార్పు ఫారాలు ఇంకా నింపకుండా సొరుగులో ఉన్నదీ ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. ఆ పుస్తకం ఎక్కడ ఉందో ఇంట్లో భార్యకు, ఎదిగిన కొడుక్కి తెలిసి ఉండాలి.